ఆదివారం సాయంత్రం మీట్ గురించి

అమ్మాయిలూ, ఆదివారం సాయంత్రం 6కి పీరియడ్స్ గురించి మాట్లాడుకోడానికి గూగుల్ మీట్ ఉంది, వైజాగ్‌లో మద్దిలపాలెం గాజువాక ఎక్కడున్నా హాస్టల్ రూమ్ నుంచే జాయిన్ అయిపోవచ్చు, కెమెరా ఆన్ చెయ్యక్కర్లేదు. పోయినసారి ఎక్కువమంది అడిగింది పీరియడ్ డేట్ లేటవడం గురించే. 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే, కరెక్టుగా 28కే రావాలని ఏం లేదు. కానీ మూడు నెలలు అస్సలు రాకపోయినా, 7 రోజులు దాటి బ్లీడింగ్ అవుతున్నా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా రీల్స్ చూసి మాత్రలు వేసుకోకండి ప్లీజ్, డాక్టర్‌కి చూపించుకోండి. ఒక్కళ్ళే వెళ్ళడానికి భయమైతే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, కేజీహెచ్‌కైనా ఘోషా హాస్పిటల్‌కైనా తోడొస్తాను. ఇంటర్లో నాకెవరూ చెప్పేవాళ్ళు లేక రెండేళ్ళు నొప్పి అలాగే భరించాను, మీకలా అవ్వకూడదు. గర్భం రాకుండా వాడేవాటి గురించి కూడా అడగండి, పెళ్ళి కాలేదు కదా అని ఎవ్వరూ ఏమీ అనరు. లింక్ శనివారం ఇక్కడే పెడతాను.