మూలన పడ్డ పని

చిట్టితల్లీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు సరిగ్గా మాట్లాడనే లేదు. "రెండేళ్లు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే అమ్మా" అని పెట్టేశావు. వేరే ల్యాబ్ వాళ్లు ఇంకో దారిలో అదే పని సులువుగా చేసి చూపించారని, నీ రిసీవర్‌ను పక్కన పెట్టమని మీ గైడ్ అన్నారని మాత్రం అర్థమైంది. ఓదార్చడం నాకు చేతకాదు, నీకు తెలుసు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, ఇందులో అయితే నువ్వు మధ్యలో అడ్డురాలేవు.

ఫైబర్‌లో వచ్చే వెలుగును అందుకునే, నువ్వు పనిచేస్తున్న కోహెరెంట్ రిసీవర్ సంగతే తీసుకో. నేను ఉద్యోగంలో చేరిన 1990ల్లో ఆ మాటెత్తితే సీనియర్లు నవ్వేవాళ్లు. అంతకు పదేళ్ల ముందు దాని మీద ఎంతోమంది ప్రాణం పెట్టి పనిచేశారు. దూరం నుంచి నీరసించి వచ్చిన వెలుగులో, రిసీవర్ దగ్గరే ఉన్న ఇంకో లేజర్ వెలుగును కలిపితే బలహీనమైన సిగ్నల్ కూడా దొరుకుతుంది. అప్పుడు దారిలో సిగ్నల్‌కు మళ్లీ బలమిచ్చే రిపీటర్ల మధ్య దూరం పెంచొచ్చు. ఆ రోజుల్లో అది పెద్ద విషయం. 1988లో అట్లాంటిక్ అడుగున వేసిన మొదటి ఫైబర్ కేబుల్, టాట్-8, ఒక్కో ఫైబర్ జత మీద సెకనుకు 280 మెగాబిట్లు మోసేది. దారిలో ప్రతి రిపీటర్ దగ్గరా వెలుగును కరెంటుగా మార్చి, మళ్లీ వెలుగు చేసి పంపాల్సిందే.

ఇంతలో 1987లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం, అదే ఏడాది అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఎమాన్యుయేల్ డెసుర్విర్ వాళ్లు ఎర్బియం అనే లోహం కలిపిన ఫైబర్‌తో వెలుగును వెలుగుగానే పెంచి చూపించారు. కరెంటుగా మార్చే పని లేదు, పైగా ఒకే ఫైబర్‌లో వేర్వేరు సిగ్నళ్లు మోసే ఎన్నో రంగులు ఒకేసారి పెరుగుతాయి. అంతే, కోహెరెంట్ వాళ్ల పదేళ్ల పని మూలన పడింది. రెండు లేజర్ల ఫేజ్, అంటే అలల లయ, కుదిర్చే తలనొప్పి ఇక ఎవరు పెట్టుకుంటారు?

ఆ ఎర్బియం రంగుల పండుగలోనూ ఓ చిక్కు వచ్చిపడింది. అన్ని రంగులూ ఒకే వేగంతో పోవాలని, 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర డిస్పర్షన్, అంటే రంగును బట్టి వేగం మారే గుణం, సున్నా అయ్యే ఫైబర్ అప్పటికే తయారై ఉంది. తీరా చూస్తే అదే కొంప ముంచింది. పక్కపక్కనే నడిచేవాళ్లు కబుర్లలో పడ్డట్టు, ఒకే వేగంతో పోయే రంగులు ఒకదాంతో ఒకటి కలిసి లేని రంగుల్ని పుట్టించాయి. బెల్ ల్యాబ్స్‌లో ఆండ్రూ క్రాప్లివీ, రాబర్ట్ ట్కాచ్ ఏం చేశారంటే, ఫైబర్‌లో కొంచెం డిస్పర్షన్ కావాలనే ఉంచారు. రంగులు ముందూ వెనకా అవుతాయి, కబుర్లు సాగవు. పేరుకున్న డిస్పర్షన్‌ను దారిలో ఎదురు గుణమున్న ఫైబర్‌తో సరిచేస్తే చాలు. లోపాన్నే పనిలో పెట్టుకున్న ఈ తెలివంటే నాకు మహా ఇష్టం. 2009లో ఇద్దరికీ మార్కోనీ ప్రైజ్ వచ్చింది.

ఇక నా సంగతి. 2001లో నేను పనిచేసే కంపెనీ మా డిజైన్ విభాగం మొత్తాన్ని ఎత్తేసింది. డబ్బు కోసం వేరేచోట టెస్టింగ్ పనికి చేరాను. స్ప్లైసింగ్, అంటే ఫైబర్ కొసలు అతికే పని, చేసేవాళ్ల పక్కన కూర్చుని ఫైబర్ పై పూత ఒలవడం, ఆల్కహాల్‌తో తుడవడం, కొసను నున్నగా తెంపే క్లీవర్‌లో పెట్టి టిక్కుమనిపించడం, రెండు కొసలూ అతికాక మెషిన్ డెసిబెల్స్‌లో (డీబీ) చూపించే వెలుగు నష్టం నోట్‌బుక్‌లో రాసుకోవడం. 0.02 డీబీ, 0.05, 0.03. వెలుగు నడిచే కోర్ వెడల్పు 9 మైక్రాన్లే, ఒక్క దుమ్ము రేణువు చాలు లింకు పడిపోవడానికి. ఇంజినీరింగ్ చదివింది ఇందుకా అని మొదటి ఆర్నెల్లూ ఏడ్చాను. మీ నాన్నకు కూడా చెప్పలేదు.

కానీ అక్కడే, ఫైబర్‌ను వేలితో కాస్త కదిపితే పోలరైజేషన్, అంటే వెలుగు అల ఊగే దిశ, ఎలా తిరిగిపోతుందో కళ్లారా చూశాను. ఏ పాత కేబుల్ ఎంత మొండిదో నోట్‌బుక్ నిండా రాశాను. ఆ తర్వాత కొన్నేళ్లకు వేగంగా లెక్కకట్టే చిప్‌లు వచ్చాయి. లేజర్లతో కుదరని ఫేజ్‌ను లెక్కలతో సరిచేయొచ్చని తేలింది. కోహెరెంట్ మూలలోంచి లేచొచ్చింది, 2010 ప్రాంతానికి ఒక్కో రంగు మీద సెకనుకు 100 గిగాబిట్లు పోతున్నాయి. నిజం ఫైబర్‌లో పోలరైజేషన్ ఎలా ఆడుతుందో తెలిసినవాళ్లు కోహెరెంట్ కంపెనీలకు కావలసొచ్చారు. ఇంటర్వ్యూకు ఆ నోట్‌బుక్కే పట్టుకెళ్లాను. ఇందులో ఓ తమాషా ఉంది. డిస్పర్షన్‌ను కూడా చిప్పే విప్పేస్తుంటే, ఎదురు ఫైబర్ చుట్టలతో చేసే ఆ ముచ్చటైన సర్దుబాటు కొత్త లింకుల్లో అక్కర్లేకుండా పోయింది.

అన్నీ ఇలాగే తిరిగొస్తాయని నేను చెప్పను. బెల్ ల్యాబ్స్‌లోనే లిన్ మోలెనావర్ 1988లోనే సోలిటాన్లను, అంటే దారిలో ఆకారం చెదరని వెలుగు తునకల్ని, 4,000 కిలోమీటర్లు పంపించారు. అద్భుతమైన పని, అయినా సముద్రపు కేబుళ్లకు అది రాజమార్గం కాలేదు. గాజుపోగులో వెలుగును దూరం పంపొచ్చని 1966లో లెక్కకట్టిన చార్లెస్ కావ్‌కు నోబెల్ వచ్చింది 2009లో. అప్పటికే ఆయనకు ఆల్జైమర్స్, నోబెల్ ఉపన్యాసం భార్య గ్వెన్ ఇచ్చారు. నీ రిసీవర్ ఏ లెక్కలోకి వస్తుందో నేను చెప్పలేను, మీ గైడూ చెప్పలేరు. వదిలేసి ఇంకో పని పట్టుకుంటానన్నా నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే కొలతలు మాత్రం పారేయకు. బాగా రానివి కూడా.

అన్నట్టు, పోయిన నెల నువ్వు పంపిన గ్రాఫ్ మళ్లీ చూశాను. పవర్ పెంచుతున్నా తప్పులు ఒకచోట ఆగిపోయి కిందికి దిగడం లేదు. నువ్వు అది లేజర్ తప్పంటున్నావు. కనెక్టర్ తుడిచావా?

అమ్మ