నువ్వు రాస్తున్న ఆ కాగితం గురించి

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఆపరేషనుకు ముందు రోగుల చేతికిచ్చే సమాచార పత్రం రాసే పని నీకు అప్పగించారని చదివి ఎంత సంతోషించానో! కానీ చివర్లో ఓ మాటన్నావు చూడు, "అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఇక ఎలా రాస్తే ఏముందిలే" అని. అది చదివాక ఊరుకోలేకపోయాను. అసలు సంగతంతా అక్కడే ఉందిరా.

1982లో అమెరికాలో మెక్‌నీల్ అనే డాక్టరు, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి ఓ పరిశోధన చేశారు. ఊపిరితిత్తుల క్యాన్సరుకు ఆపరేషనా, రేడియేషనా అన్నది ప్రశ్న. ఆపరేషన్ చేయించుకున్న నూరు మందిలో 90 మంది ఆ గండం గట్టెక్కుతారు, ఏడాదికి 68 మంది, ఐదేళ్లకు 34 మంది బతికుంటారు. రేడియేషన్ అయితే చికిత్సలో ఎవరూ పోరు గానీ ఐదేళ్లకు 22 మందే మిగులుతారు. కొందరికి ఇలా చూపించారు. ఇంకొందరికి అదే లెక్క తిరగేసి, ఆపరేషన్‌లో 10 మంది పోతారు, ఏడాదికి 32 మంది పోతారు అని చూపించారు. బతుకుల లెక్క చూసినవాళ్లలో రేడియేషన్ కోరుకున్నది 18 శాతం. చావుల లెక్క చూసినవాళ్లలో 44 శాతం! అందులో డాక్టర్లూ ఉన్నారు, వాళ్లూ తక్కువేం ఊగలేదు. రోజూ ఈ అంకెల మధ్యే బతికేవాళ్ల సంగతే అదైతే, భయంతో చేతులు వణుకుతూ నీ కాగితం పట్టుకునే మనిషి మాటేమిటి చెప్పు?

అంతకు ముందేడాదే ట్వెర్‌స్కీ, ఆయన సహచరుడు కానెమన్ జనాన్ని ఇలాంటిదే ఇంకోటి అడిగారు. రోగం వల్ల 600 మంది పోయేలా ఉన్నారు. 200 మంది ఖాయంగా బతుకుతారంటే నూటికి 72 మంది ఆ దారే ఎంచుకున్నారు. అదే దారిని 400 మంది పోతారని చెబితే 22 మందే ఒప్పుకున్నారు, మిగతావాళ్లు, అందరూ బతకొచ్చు లేదా అందరూ పోవచ్చు అనే రెండో దారిలో అదృష్టాన్ని నమ్ముకోవడానికి సిద్ధపడ్డారు. ఉన్నది పోతుందనగానే మనసు తెగిస్తుంది, దక్కుతుందనగానే జాగ్రత్తపడుతుంది.

నన్ను బాగా కలచివేసింది మాత్రం బ్రిటన్‌లో జరిగినది. 1995 అక్టోబరులో అక్కడి మందుల భద్రతా కమిటీ, కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలతో సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని హెచ్చరించింది. అబద్ధం కాదు. కానీ దేనికి రెట్టింపు? ఏడు వేల మందిలో ఒకరికి రావాల్సింది ఇద్దరికి వస్తుందట, అంతే. ఆ "ఏడు వేలు" జనానికి చేరలేదు, "రెట్టింపు" చేరింది. ఎంతోమంది మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13 వేల అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రలకంటే గర్భంతోనే ఎక్కువ! ఆ ఆడవాళ్లకు ఎవరూ తప్పు అంకె చెప్పలేదురా, సగం అంకె చెప్పారు. నీ ముసాయిదాలో "ఇన్‌ఫెక్షన్ ముప్పు సగానికి తగ్గుతుంది" అన్న వాక్యం ఉందన్నావే, దాన్ని దయచేసి అలా వదలకు. నూటికి ఎంతమంది నుంచి ఎంతమందికి తగ్గుతుందో రాయి.

చివర్లో టిక్కు పెట్టే గడులు కూడా నువ్వే తయారు చేస్తున్నావు కదా, వాటినీ చిన్నచూపు చూడకు. అవయవదానానికి ఒప్పుకున్నట్టు లెక్కలోకి వచ్చేవాళ్లు ఒకప్పుడు జర్మనీలో 12 శాతం, పక్కనే ఆస్ట్రియాలో 99.98 శాతం. జర్మనీలో ఇష్టమని విడిగా చెప్పాలి, ఆస్ట్రియాలో వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. కాబట్టి ముందే టిక్కు పెట్టేసిన గడి ఒక్కటి కూడా ఉంచకు.

"వాళ్ల మంచికే కదా, కాస్త ధైర్యం వచ్చేలా రాస్తే తప్పేంటి" అంటావేమో. నాకది ఒప్పదు. కోత పడేది వాళ్ల ఒంటి మీద, తేల్చుకోవాల్సిందీ వాళ్లే. ఎటూ మొగ్గని వాక్యం రాయడం ఎవరివల్లా కాదు, నిజమే. అందుకే రెండు వైపులా రాయమంటున్నాను: నూరు మందిలో ఇంతమంది కోలుకుంటారు, ఇంతమంది కోలుకోరు. పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో. శాతాలకంటే మనుషుల లెక్కే మేలు, చదివేవాడికి కళ్లకు కడుతుంది.

పూర్తవగానే నాకు పంపు. అంతకంటే ముందు వైద్యంతో సంబంధం లేని ఓ నలుగురి చేత చదివించు. కాగితం పక్కన పెట్టించి, నూటికి ఎంతమందికి నయమవుతుంది, ఎంతమందికి కాదు అని అడుగు. రెండిటికీ తడుముకోకుండా చెప్పగలిగితే అచ్చుకివ్వు. ఒక్కదానికే చెబితే మాత్రం ఆ పేరా మళ్లీ రాయాల్సిందే.

నీ మిత్రుడు