సాయంత్రం కన్నడ క్లాసులకు హాలు ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పిల్లల ఉద్యోగాల వల్ల ఊరు వదిలి బెంగళూరు వచ్చిన తల్లిదండ్రులు, పీజీల్లో ఉండే ఒంటరి ఉద్యోగులు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు చాలామంది ఉన్నారు. ఇరుగుపొరుగుతో మాట కలపడానికి భాష అడ్డం. వీళ్లకోసం సాయంత్రం కన్నడ క్లాసు పెట్టడం మంచిదే గానీ, దాన్ని బడిలా నడిపితే నెల తిరక్కుండానే కుర్చీలు ఖాళీ అవుతాయి.

ముఖ్య కారణం, వర్ణమాలతో మొదలుపెట్టడం. రెండు లిపులకూ మూలం ఒకటే కాబట్టి తెలుగు చదివేవాళ్లు బస్సు బోర్డులు చూస్తూ చూస్తూనే అక్షరాలు పట్టేస్తారు. నోరు పెగలడమే కష్టం. మొదటి రోజే పక్కవాళ్లను "ఊట ఆయ్తా?" (భోజనం అయిందా?) అని అడిగించాలి. కన్నడంలో "నీవు" అంటే మన "మీరు" అని కూడా ఆ రోజే చెప్పాలి. అది తెలియక, వాచ్‌మన్ "నీవు" అన్నాడని నొచ్చుకుని పలకరింపులే మానేసే పెద్దవాళ్లుంటారు.

వారానికి రెండు రోజులు, రోజుకు గంట చాలు. పన్నెండు మంది దాటితే రెండు జట్లు చేయాలి. లేకపోతే మాటకారులే మాట్లాడతారు, బిడియస్తులు మళ్లీ రారు. ఇద్దరిద్దరిని జత చేసి, అదే అపార్ట్‌మెంట్‌లోని కన్నడవాళ్లొకరిని దగ్గర కూర్చోబెట్టాలి. చివరి పావుగంట పాఠం ఆపి టీ ఇవ్వాలి. వంకాయల ధర, మోకాళ్ల నొప్పి, అమెరికాలో ఉన్న కూతురు, అన్నీ వచ్చీరాని కన్నడంలో అప్పుడే బయటికొస్తాయి. క్లాసుకు ప్రాణం ఆ పావుగంటే. ఎవరైనా రాకపోతే జతమనిషే ఫోన్ చేయాలి. నిర్వాహకులు చేస్తే హాజరు అడిగినట్టుంటుంది.

సంక్రాంతికి, దసరాకు సగం మంది ఊళ్లకు వెళ్తారు. మళ్లీ ఏ తేదీన మొదలో ముందే చెప్పకపోతే ఆ క్లాసు ఇక లేవదు. ఆ రోజుల్లో నలుగురే ఉన్నా హాలు తెరవాలి. పండగకు వెళ్లడానికి ఊళ్లో ఎవరూ లేనివాళ్లే ఆ నలుగురు.

టీచరు కోసం కర్ణాటక ప్రభుత్వ సంస్థ అయిన కన్నడ అభివృద్ధి ప్రాధికారాన్ని అడగవచ్చు, కన్నడేతరులకు నేర్పించడం వాళ్ల పనుల్లో ఒకటి. చిక్కంతా చోటుతోనే. చాలా అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పార్టీ హాలుకు గంటల లెక్కన అద్దె వేస్తున్నాయి. ఈ క్లాసులకు అది మాఫీ చేయాలని కోరుతున్నాం. హాలు కింది అంతస్తులో ఉండాలి. కుర్చీలకు చేతులుండాలి, స్టూళ్ల మీద పెద్దవాళ్లు గంటసేపు కూర్చోలేరు.

– సాయంకాల కన్నడ తరగతుల నిర్వాహకులు, మారతహళ్లి, బెంగళూరు