మేనర్ కోర్టులో తీర్పు ప్రభువుది కాదు

సంపాదకులకు,

మధ్యయుగ ఇంగ్లండ్ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో మేనర్ కోర్టును (మేనర్ అంటే ప్రభువు అనే భూస్వామి ఎస్టేటు) ‘భూస్వామి తన ఇష్టం వచ్చినట్టు రైతులను శిక్షించే చోటు’ అన్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. ఆ కోర్టుల రికార్డులు చూస్తే ఆ మాట నిలవదు.

ఆ కోర్టు చాలాచోట్ల మూడు వారాలకోసారి కూడేది. ప్రభువు తరఫున స్టీవార్డ్ కూర్చునేవాడు, మన జమీందారీల్లో దివాను లాగా. అయితే తీర్పు అతనిది కాదు. ఆ మేనర్‌లో భూమి చేసుకునే రైతులే ఊరి ఆచారం ఏమిటో చెప్పి తీర్పు ఇచ్చేవాళ్లు. కోర్టుకు రావడం వాళ్ల విధి. రాలేని రైతు ఇంకొకరి చేత ముందే కబురు చెప్పించాలి, లేకపోతే రెండు మూడు పెన్నీలు వదిలేవి.

జరిమానా ఎలా వేసేవారో చూడండి. ఒక రైతు ఎద్దు పొరుగు రైతు గోధుమ చేలో పడింది. తప్పు తేలగానే గుమాస్తా తోలుకాగితం ఎడమ అంచున ‘మిసెరికార్డియా’ అన్న లాటిన్ మాటను కుదించి రాస్తాడు. రైతు ప్రభువు దయకు లోబడ్డాడని దాని అర్థం. ఎంత కట్టాలో అప్పుడే రాయడు. తర్వాత తోటి రైతుల్లో ఇద్దరు ముగ్గురు ప్రమాణం చేసి, తప్పు ఎంతటిది, అతని స్తోమత ఎంత అని చూసి మొత్తం తేలుస్తారు. అప్పుడు అతని పేరు పైన సన్నటి అక్షరాలతో ‘2 పెన్నీలు’ అన్న అంకె ఎక్కుతుంది. జరిమానా తప్పుకు తగినట్టుండాలి, ఇరుగుపొరుగు వాళ్లు ప్రమాణం చేసి తేల్చాలి, విల్లీన్ (ప్రభువుకు కట్టుబడిన, స్వేచ్ఛ లేని) రైతు సేద్యం దెబ్బతినకూడదు అని ఇంగ్లండ్ రాజు ఒప్పుకున్న 1215 నాటి హక్కుల పత్రం మాగ్నా కార్టా 20వ అధ్యాయం చెప్పింది కూడా ఇదే.

బాకీ దావాలు 40 షిల్లింగుల లోపువే ఇక్కడ నడిచేవి. అందుకే పెద్ద బాకీని ముక్కలు చేసి వేరువేరు దావాలు వేసేవాళ్లూ ఉండేవాళ్లు. బాకీ లేదన్న ప్రతివాదికి ప్రమాణం చేసే అవకాశం ఉండేది. తన మాటకు తోడు ప్రమాణం చేయడానికి, తనతో కలిపి ఆరుగురినో పన్నెండుగురినో తర్వాతి కోర్టుకు తేవాలి. ఒక్కరు తగ్గినా ప్రతివాది ఓడిపోయేవాడు.

భూమి చేతులు మారేదీ ఇక్కడే. అమ్మే రైతు ఒక కర్రను స్టీవార్డ్ చేతిలో పెట్టి భూమిని ప్రభువుకు అప్పగించేవాడు. స్టీవార్డ్ అదే కర్రను కొన్నవాడి చేతికిచ్చి, ప్రవేశ రుసుము తీసుకుని, సంగతంతా కోర్టు చుట్టలో, అంటే చుట్టగా చుట్టి ఉంచే తోలుకాగితాల రికార్డులో, రాయించేవాడు. ఆ రాతకు నకలే కొన్నవాడికి పట్టా. కాపీహోల్డ్ అనే పేరు దాని వల్లే వచ్చింది. ఆ పద్ధతి 1926 జనవరి 1న గానీ పోలేదు.

ఈ కోర్టును పొగడమని నేననడం లేదు. వసూలైన ప్రతి పెన్నీ ప్రభువుకే చేరేది. విల్లీన్ కూతురికి పెళ్లి చేయాలంటే రుసుము కట్టాలి. అతను చనిపోతే ఇంట్లోని మేలైన పశువును ప్రభువు తోలుకుపోయేవాడు. తన భూమి కోసం ప్రభువు మీద రాజు కోర్టుకెక్కే హక్కు విల్లీన్‌కు లేదు. వ్యాసకర్త దోపిడీ చూపదలిస్తే చూపాల్సినవి ఈ పద్దులు. 1381 తిరుగుబాటులో రైతులు ఎన్నో ఊళ్లలో కోర్టు చుట్టలను వెతికి మరీ తగలబెట్టారు. తాము విల్లీన్లమనడానికి రుజువు వాటిలోనే ఉంది మరి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం