పోలిక కుదిరాక మొదలయ్యే పని

నా దగ్గర బొమ్మలు వేయించుకున్నవారికి, ఆర్డరు ఇచ్చి ఎదురుచూస్తున్నవారికి, కొత్తగా అడుగుతున్నవారికి నమస్కారం. ముందుగా డబ్బు సంగతి చెప్పేస్తాను. ఈ నెల నుంచి సినిమా పాత్రలు, కార్టూన్ పాత్రల చిత్రాలకు ధర పెంచుతున్నాను. నీటిరంగుల్లో ఏ4 సైజు బొమ్మ 2,800 రూపాయలు, ఏ3 సైజు 4,500 రూపాయలు. ఒక్కో బొమ్మకు మూడు నాలుగు వారాల గడువు కావాలి. రేపు పుట్టినరోజు, ఈ రాత్రికల్లా ఇవ్వండి అనే ఆర్డర్లు ఇక తీసుకోను. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత ధరే వర్తిస్తుంది. వారు పైసా అదనంగా ఇవ్వనక్కర్లేదు.

‘ఫొటో పంపించాం కదా, చూసి వేయడానికి ఇన్నాళ్ళు ఎందుకు?’ అని తిరుపతిలో ఎదురుపడ్డవారూ అడుగుతున్నారు, ఫోనులోనూ అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. డబ్బు పెట్టేవారికి పని ఎలా జరుగుతుందో తెలియాలి. కాగితం, రంగుల ధరలు పెరిగిన మాట నిజమే. నేను వాడేది 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) నూలు కాగితం, అది చవకగా దొరకదు. అయినా మీరిచ్చే డబ్బులో పెద్ద వాటా నా సమయానిది. అందులోనూ ఎక్కువ భాగం కుంచె తడవకముందే గడిచిపోతుంది. ఫొటో చూసి ముఖం దింపడం చెయ్యి తిరిగినవారికి కష్టం కాదు. పోలిక కుదిరాకే నా అసలు పని మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చేవారు అడిగేది నటుడి ముఖం కాదు, తమకు ఇష్టమైన పాత్ర. ఆ రెండూ ఒకటే అనుకుంటే బొమ్మ చచ్చుగా వస్తుంది.

ఎస్.వి.రంగారావుగారినే తీసుకోండి. 1951 నాటి ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడు ఆయనే, 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడూ ఆయనే. అదే ముక్కు, అవే చెంపలు, అదే భారీ విగ్రహం. గడ్డం, మీసం, కిరీటం మార్చేస్తే ఒకరు ఇంకొకరు అయిపోతారా? నేను వేసి చూశాను, అవ్వరు. మాంత్రికుడి తల కొద్దిగా ముందుకు వంగి ఉంటుంది. అతని చూపు ఎదుటి మనిషి మీద కాక, ఆ మనిషి వల్ల తనకు దక్కబోయేదాని మీద ఉంటుంది. ఘటోత్కచుడికి వచ్చేసరికి చుబుకం పైకి లేస్తుంది, మెడ వెనక్కి వాలుతుంది, కళ్ళు పూర్తిగా విచ్చుకుంటాయి. ఆ చూపులో కపటం లేదు. తన బలం చూసుకుని తానే మురిసిపోయే పసితనం ఉంది. గద బరువు భుజం మీద ఎలా ఉందో చూపకపోతే కిరీటం ఎంత బాగా చెక్కినా అతను ఘటోత్కచుడు కాడు. అందుకే ఒక్క ఫొటోతో నాకు పని జరగదు. సినిమా పెట్టుకుని, ఆపి, వెనక్కి తిప్పి, పాత్ర నిలబడే తీరును చిన్న చిన్న పెన్సిల్ బొమ్మలుగా వేసుకుంటాను. వాటిలో ఒకటి మీకు పంపుతాను. మీరు సరే అన్నాకే పెద్ద కాగితం తీస్తాను.

పెద్ద కాగితం మీద మొదట వేసేది కళ్ళు. విగ్రహాలు చేసేవారు చివరగా కళ్ళు తెరిపిస్తారు, అది ఆ పనికి తగిన సంప్రదాయం. పాత్రల చిత్రాల్లో నేను ఎదురు దారి పట్టాను. చూపు కుదరలేదంటే ఆ కాగితం అక్కడితో పక్కన పెట్టేస్తాను. నగలు, బట్టలు అన్నీ పూర్తయ్యాక చూపు చెడితే, అంత కష్టపడ్డాం కదా అని సర్దుకుపోవాలనిపిస్తుంది. మీ డబ్బుతో చేసే పనిలో సర్దుబాటుకు చోటివ్వదలచుకోలేదు.

నలుపు తెలుపు సినిమాలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ‘మాయాబజార్’ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే వెలుగును ఎక్కడ ఆపారో, నీడను ఎక్కడ వదిలేశారో గమనిస్తే బొమ్మలు వేసేవారికి అదే ఒక బడి. ఇబ్బంది రంగుల దగ్గర వస్తుంది. ఆ సినిమాకు రంగులద్దిన రూపం 2010లో వచ్చింది, చాలామంది అవే రంగులు వేయమంటారు. నేను మాత్రం శ్రీకాళహస్తి కలంకారి రంగుల వైపు వెళ్తాను. మన పక్క ఊరిలో పురాణ పాత్రలకు చేత్తో రంగులద్దే సంప్రదాయం బతికి ఉండగా ఇంకెక్కడికో పోవడం దేనికి?

అక్కడి నలుపు ఎలా పుడుతుందో చూడండి. బెల్లం నీళ్ళలో తుప్పు పట్టిన ఇనుము నానబెట్టి కసిమి అనే ద్రావణం తయారుచేస్తారు. బట్టను ముందుగానే కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. వెదురు కలంతో కసిమి గీత గీసినప్పుడు, అందులోని ఇనుము కరక్కాయలోని వగరుతో కలిసి గీత నల్లబడుతుంది. ఎరుపు కోసం పటిక నీళ్ళతో రాసి, ఆ తర్వాత ఎర్రరంగునిచ్చే మొక్కల వేళ్ళతో ఉడికిస్తారు. పటిక తగిలినచోటే రంగు నిలుస్తుంది. నేను కాగితం మీద గొట్టాల్లో వచ్చే రంగులే వాడతాను, కలంకారి చేస్తున్నానని చెప్పుకోను. కానీ ఆ మగ్గిన ఎరుపు, ఆ పసుపు, ఆ వెచ్చని నలుపు పక్కపక్కన పెట్టుకుని కలుపుకుంటాను. నా ఘటోత్కచుడి ఉత్తరీయం అందుకే మెరిసే పట్టులా ఉండదు. అలా కావాలంటే ఆర్డరు ఇచ్చేముందే చెప్పండి, దాని గురించి మాట్లాడుకుందాం.

ఇక ‘పుష్ప’. గత రెండేళ్ళలో నన్ను ఎక్కువమంది అడిగిన పాత్ర ఇదే. శేషాచలం అడవులు, ఎర్రచందనం, చిత్తూరు యాస అన్నీ మన ఇంటి చుట్టూ ఉన్నవే కాబట్టి ఇక్కడివారికి అతని మీద మక్కువ ఎక్కువ. ఒక భుజం పైకెత్తి నిలబడే ఆ తీరు అందరికీ తెలుసు. కాని భుజం ఒక్కటే ఎత్తి గీస్తే బొమ్మ వికారంగా వస్తుంది. భుజం లేచినప్పుడు తల ఎటు ఒరుగుతుంది, చొక్కా ముడతలు ఎక్కడ బిగుసుకుంటాయి, రెండో చెయ్యి ఎంత కిందికి దిగుతుంది, ఇవన్నీ దానితోపాటే కదలాలి. వెనకాల వేసే ఎర్రచందనం దుంగకు రక్తం రంగు వేయమంటారు. కోసిన మాను లోపలి చేవ ఆ రంగులో ఉండదు. ముదురు ఎరుపులో గోధుమ ఛాయ, కొంచెం ఊదా కలిసి ఉంటుంది. నేను అదే వేస్తాను.

2023 ఏప్రిల్‌లో రెండో భాగం నుంచి చీర కట్టి, నీలి ముఖంతో, నిమ్మకాయల దండ వేసుకున్న రూపం బయటికి వచ్చింది. అప్పటి నుంచి ‘ఆ జాతర గెటప్ కావాలి’ అని అడిగేవారు ఆగలేదు. 2024 డిసెంబరులో సినిమా విడుదలయ్యాక మరీ పెరిగారు. ఆ వేషానికి మూలమైన గంగమ్మ జాతర మన తిరుపతి తాతయ్యగుంటలోదే కాబట్టి ఈ బొమ్మ విషయంలో నాకు భక్తీ ఉంది, పట్టుదలా ఉంది. సినిమా పోస్టరును ఉన్నదున్నట్టు దించి ఇవ్వను. అది ఇంకొక ఫొటోగ్రాఫరు, ఇంకొక డిజైనరు చేసిన పని. నేను జాతరలో చూసిన వేషాల నుంచి మొదలుపెడతాను.

జాతర వేషాలు చూసి నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేదు. బైరాగి వేషానికి నామంకొమ్ము అనే తెల్లమట్టి, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. రోజుకొక వేషం, వేషానికొక రంగు. నామంకొమ్ము ముద్ద ఒంటికి పూసిన వెంటనే నున్నగా, బూడిదరంగు కలిసినట్టు కనిపిస్తుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. మనిషి నవ్వినా, ఎండకు కళ్ళు చిట్లించినా నుదుటి మీద, కళ్ళ కొసల్లో సన్నని బీటలు పడతాయి. ఆ బీటల్లోంచి చర్మం కనిపిస్తుంది. చెమట జారినచోట ఆ తెలుపు కరిగి, చారికగా దిగుతుంది.

ఇది నాకు ఎక్కడ పనికొచ్చిందో తెలుసా? 2008లో వచ్చిన ‘ది డార్క్ నైట్’ సినిమాలో హీత్ లెడ్జర్ వేసిన జోకర్ బొమ్మకు. కాలేజీ పిల్లలు ఎక్కువగా అడిగే బొమ్మల్లో అదొకటి. ఆ ముఖం మీది తెలుపు సున్నం కొట్టిన గోడలా చదునుగా ఉండదు, నుదుటి ముడతల దగ్గర విరిగి ఉంటుంది. చదునుగా పూస్తే సర్కస్ బఫూను వస్తాడు, జోకర్ రాడు. అందుకని ముందు కింద మామూలు చర్మం పూర్తిగా వేస్తాను, ముడతలతో సహా. అది ఆరాక పొడి కుంచెతో తెలుపును పైపైన లాగుతాను. కాగితం గరుకుమీద కుంచె ఎక్కడ తడబడితే అక్కడ అడుగున ఉన్న చర్మం బయటపడుతుంది. ఒకే ముఖాన్ని రెండుసార్లు వేసినట్టే. ఆ బొమ్మకు గడువు ఎక్కువ అడిగేది ఇందుకే. జాతర వారమంతా నా గది మూసి ఉంటుందని కూడా ఇక్కడే చెబుతున్నాను. అది సాధారణంగా మే నెలలో వస్తుంది, ఆ రోజుల్లో డెలివరీలు పెట్టుకోకండి.

చర్మం రంగు గురించి ఒక మాట. దుకాణాల్లో చర్మం రంగు పేరుతో దొరికే గొట్టం నేను వాడను. అది గులాబీ వైపు పోతుంది, మనవాళ్ళ ముఖాలకు అతకదు. యెల్లో ఆకర్ (మట్టిపసుపు), బర్న్ట్ సియెనా (ఎర్రగోధుమ), నీడల్లోకి అల్ట్రామెరీన్ నీలం కలిపి, పలుచని పొరలుగా వేస్తాను. చామనఛాయ మనిషిని తెల్లగా వేయమని అడగవద్దని మనవి. ఒక పొర ఆరాకే ఇంకో పొర వేయాలి. తిరుపతి ఎండాకాలంలో అంచు మెత్తబరిచేలోపే రంగు ఆరిపోయి గీత పడుతుంది కాబట్టి తెల్లవారుజామున పని చేసుకోవాలి. నవంబరు వానల్లో తడి ఎంతకీ వదలదు. గడువు అటూ ఇటూ అయ్యేది ఎక్కువగా ఈ రెండు కాలాల్లోనే.

అనిమే, అంటే జపాను కార్టూన్ పాత్రలు అడిగే పిల్లలకు వేరే సంగతి చెప్పాలి. ‘వన్ పీస్’లోని లూఫీని ‘నిజం మనిషిలా’ వేయమంటారు. నేను వద్దంటాను. గడ్డి టోపీ, ఎడమ కంటి కింద గాటు, చెవులదాకా సాగే నవ్వు, ఇవన్నీ గీతలోంచి పుట్టినవి. బాపుగారి బుడుగుకు చర్మం మీద రంధ్రాలు, దవడ ఎముక నీడలు వేస్తే వాడు బుడుగుగా మిగులుతాడా? గీతలో పుట్టినవాడిని గీతలోనే ఉంచాలి. గీత లావు సన్నాలు, నేపథ్యం, వెలుగు నావి, పాత్ర ముఖం మాత్రం దాని సృష్టికర్తది. అలాగే అనిమే జుట్టుకు మెరిసిపోయే గులాబీ రంగు కావాలంటారు. ఒపెరా రోజ్ అనే రంగు సరిగ్గా అలాగే ఉంటుంది, కాని వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది. నేను దాని బదులు క్వినాక్రిడోన్ మెజెంటా వాడతాను. మెరుపు ఒక పిసరు తక్కువ, ఆయుష్షు చాలా ఎక్కువ.

ఇకపై చేయని పనులు కొన్ని ఉన్నాయి. కంప్యూటర్ తయారుచేసిన కృత్రిమ మేధ బొమ్మను పంపి, దీన్ని రంగుల్లో దించండి అంటే తీసుకోను. వాటిని జాగ్రత్తగా చూడండి, ముక్కెర కొక్కెం ఎక్కడా తగులుకోదు, దండలోని దారం సగం దూరం వెళ్ళి మాయమవుతుంది, గాజులు చేతిలో కలిసిపోతాయి. నగ ఎలా కట్టి ఉందో తెలియకుండా నేను గీయలేను. హీరో ఒంటికి మీ ఇంట్లోవారి ముఖం అతికించే బొమ్మలు కూడా ఆపేస్తున్నాను. ఆ నిలుపు ఆ పాత్రది, మీ మనిషికి తనదైన నిలుపు ఉంటుంది. కావాలంటే మీవారు తమ తీరులోనే నిలబడి, చేతిలో ఆ గదో కత్తో పట్టుకున్నట్టు వేస్తాను. ఇప్పటివరకు అలా వేయించుకున్నవారు సంతోషించారు. కప్పులు, టీషర్టుల మీద ముద్రించి అమ్మే ఆలోచన కూడా లేదు. 2022లో అమితాబ్ బచ్చన్, 2023లో అనిల్ కపూర్ తమ పేరు, రూపం, గొంతు వాడుకోవడంపై ఢిల్లీ హైకోర్టు నుంచి రక్షణ ఉత్తర్వులు తెచ్చుకున్నారు. వాళ్ళ ముఖం వాళ్ళది. నేను అమ్మేది నా చేత్తో వేసిన ఒక్క బొమ్మ, అది మీ గోడ కోసం.

ఆర్డరు ఇచ్చేటప్పుడు ఫొటో కంటే ముందు, ఆ పాత్ర ఏ సన్నివేశంలో మీకు నచ్చిందో నాలుగు ముక్కలు రాసి పంపండి. సగం డబ్బు ముందు, మిగతా సగం బొమ్మ చూశాక. బయటి ఊళ్ళకు ఫ్రేము లేకుండా, గట్టి అట్టల మధ్య చదునుగా పెట్టి పంపుతాను. గొట్టంలో చుట్టి పంపమనకండి, తెల్లరంగు మందంగా పెట్టినచోట పగులుతుంది. ఫ్రేము కట్టించుకునేటప్పుడు అద్దానికీ కాగితానికీ మధ్య మౌంటు అట్ట ఉండేలా చూసుకోండి, వానాకాలం తేమకు కాగితం అద్దానికి అంటుకోకుండా ఉంటుంది. ఎదురెండ పడని గోడకు తగిలించండి.