సైనికుల ఉత్తరాల్లోని రాతనూ కాపాడండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం లెనిన్ సెంటరులో పాత పుస్తకాలు చూస్తుంటే, ఒకచోట నాణేలు, స్టాంపుల పక్కన ప్లాస్టిక్ కవరులో ఒక ఇన్‌లాండ్ లెటరు కనబడింది. చిరునామా తెనాలి దగ్గర పల్లెటూరిది. పంపినవారి చిరునామా దగ్గర 'కేరాఫ్ 99 ఏపీఓ', అంటే సైన్యపు పోస్టాఫీసు (ఆర్మీ పోస్టాఫీసు). తేదీ 1971 డిసెంబరు 9. ఆ నెల 3 నుంచి 16 దాకా పాకిస్తాన్‌తో యుద్ధం. అప్పటికి నేను ఆర్‌ఎంఎస్‌లో (రైల్వే మెయిల్ సర్వీసు) కొత్తగా చేరిన కుర్రాణ్ణి. తూర్పు సరిహద్దు దళాల టపా కలకత్తా మీదుగా ఆ 99 అంకెతోనే తిరిగేది. అలాంటివి సార్టింగు గూళ్లలో ఎన్ని వేశానో!

ధర పన్నెండు వందలు. చదువుతానంటే, మడత చిరుగుతుందని అమ్మే ఆయన ఒప్పుకోలేదు. "లోపల ఏం రాస్తే ఎవరికి కావాలండీ, పోస్టు ముద్ర స్పష్టంగా ఉంది, రేటు దానికే" అన్నాడు. బతిమాలితే ఒక్క మడత తీశాడు. "అమ్మకు నమస్కారములు. ఇచ్చట నేను క్షేమం. మనియార్డరు అందినదో లేదో వ్రాయించు. గేదె ఈనిందా?" అంతవరకే కనబడింది. 'వ్రాయించు' దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఆ తల్లికి చదువు రాదు. ఈ ఉత్తరం కూడా ఏ పోస్టుమానో అరుగు మీద కూర్చుని చదివి వినిపించి ఉంటాడు.

సేకరించేవారిని తప్పుపట్టను. వాళ్లు కొనబట్టే అది చిత్తుకాగితాల్లో కలిసిపోలేదు. ఊరి పేరు లేకుండా అంకె మాత్రమే ఉండే ఫీల్డ్ పోస్టాఫీసు (సైన్యం వెంట ఉండే పోస్టాఫీసు) ముద్రను చదవగలిగేదీ వాళ్లే. కానీ చేతులు మారేకొద్దీ ఆ రాత ఎవరిదో, ఏ ఇంటిదో చెప్పేవారు ఉండరు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్లిన మన సిపాయిల మాటలు ఈనాడు చదవాలంటే, సెన్సారువాళ్లు ఇంగ్లీషులోకి మార్చి రాసుకున్న ముక్కలే ఎక్కువగా దిక్కు. అవి లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇంటింటా సైనికులున్న మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లున్న మనం మన ఉత్తరాలను మన తెలుగులోనే దాచుకోలేమా?

బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో ఇందుకొక బల్ల, ఒక స్కానరు, ఒక మనిషి ఉంటే చాలు. ఉత్తరం తెచ్చినవారికి అది అక్కడికక్కడే తిరిగిచ్చేసి, నకలు మాత్రం ఉంచుకోవాలి. అసలు ఇమ్మంటే ఎవరూ తేరు. ఆ మ్యూజియాన్ని చూసుకునే పురావస్తు శాఖవారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలతో మాట్లాడితే మాజీ సైనికుల ఇళ్లకు కబురు చేరుతుంది. సేకర్తలూ తమ దగ్గరున్నవాటి నకళ్లు ఇవ్వాలని చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఇళ్లలో ఉన్నవారికి ఒక్క మాట. పాత ట్రంకుపెట్టె తుక్కుకు వేసేముందు అడుగుదాకా వెతకండి. ఉత్తరం దొరికితే టేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి, కాగితం పాడవుతుంది. మెల్లగా విప్పి రెండువైపులా ఫోటో తీయండి. రాసినాయన మీకేమవుతారో, ఏ ఊరో వేరే చీటీ మీద రాసి దాంతోపాటే ఉంచండి.

– ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
సత్యనారాయణపురం, విజయవాడ