కొనే ముందు తెల్లతెర వేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మిర్యాలగూడలో ఇరవై ఆరేళ్లు సినిమా హాలు ఆపరేటర్‌గా చేసినవాణ్ణి. కార్బన్ కడ్డీలు మండించి బొమ్మ వేసిన రోజుల నుంచి జెనాన్ లాంపు దాకా అన్నీ నా చేతుల మీదుగా నడిచినవే. అలాంటివాణ్ణి పోయిన దసరాకు సెకండ్ హ్యాండ్ ప్రొజెక్టర్ కొని మోసపోయాను. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. మా వీధిలోనే ఇంకో ఇద్దరు క్రికెట్ కోసం అట్లాంటిదే వెతుకుతున్నారని తెలిసి ఇప్పుడు రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక దుకాణం. ధర 18 వేలు. "లాంపు ఎనిమిది వందల గంటలే నడిచింది కాకా, నువ్వే చూస్కో" అని మెనూ తెరిచి అంకె చూపించాడు. షాపులో ట్యూబులైట్లు వెలుగుతుండగానే ఏదో పెండ్లి వీడియో వేశాడు. రంగురంగుల పట్టుచీరలు, బంతిపూలు, సీరియల్ బల్బులు. బాగానే ఉందనిపించింది. బిల్లు అడిగితే "పాత సామానుకు బిల్లేంది కాకా" అన్నాడు. నేనూ తలూపి వచ్చేశాను.

రెండు వారాలు సినిమాలతో గడిచిపోయింది. టెస్ట్ మ్యాచ్ పెట్టిన రోజు గుట్టు బయటపడింది. తెర ఎడమవైపు తెల్లబట్టల్లో ఉన్న ఫీల్డరు బంతి వెంట కుడివైపు ఉరికేసరికి, పెండ్లికొడుకును చేసినట్టు ఒళ్లంతా పసుపు అయిపోయాడు. వెనక్కి వస్తే మళ్లీ తెలుపు. మా మనవడు పడీపడీ నవ్వాడు. గోడకే ఏదో అంటిందనుకొని మా ఇంటామె తడిగుడ్డతో తుడిచింది కూడా.

నల్లగొండలో ఒక మెకానిక్ దానిని విప్పి చూపించాడు. లోపల మూడు చిన్న ఎల్‌సీడీ ప్యానెళ్లు ఉంటాయి. ఎరుపుకొకటి, ఆకుపచ్చకొకటి, నీలానికొకటి. మూడు రంగులూ కలిస్తేనే తెర మీద తెలుపు. నీలం వైపున్న పోలరైజర్ రేకును, అంటే ప్యానెలుకు కాంతిని వడగట్టి ఇచ్చే పలచటి రేకును, పట్టుకారుతో బయటికి తీశాడు. పోస్టల్ స్టాంపంత ఉంది. ఇస్త్రీపెట్టె కాసేపు ఎక్కువ ఆనిన చొక్కాలాగా ఒక మూలన గోధుమరంగు మచ్చ. నీలం కాంతిలో శక్తి ఎక్కువ, అందుకే ముందు పోయేది ఆ రేకే. తెలుపులోంచి నీలం తగ్గితే ఇక మిగిలేది పసుపే కదా.

మా కాలంలో ప్రొజెక్టర్ లాంపు ముందుండే గేటు దగ్గర ఫిల్మ్ ఆగిపోతే రెప్పపాటులో బుడగలొచ్చి కాలిపోయేది, హాలంతా ఈలలు. ఇక్కడా అదే కాలడం, కాకపోతే ఏళ్ల తరబడి నిదానంగా సాగుతుంది. కాల్చేది వేడి, ఆ వేడిని పెంచేది దుమ్ము. ఫిల్టరు తీస్తే దుమ్ము కంబళి ముక్కలా ఒకే పొరగా ఊడివచ్చింది. మా ఊరి రైస్ మిల్లుల ఊక మీద నెపం వేద్దామంటే రెండు వారాల్లో అంత పట్టదు. అది పాత యజమాని ఇచ్చిన కట్నం. ఆ ప్యానెళ్లు, రేకులు ఉండే బ్లాకు మొత్తం మార్చాలంటే నేను కొన్న ధరకు దగ్గర దగ్గర అవుతుందన్నాడు మెకానిక్.

ఇక ఆ ఎనిమిది వందల గంటల సంగతి. లాంపు మార్చినప్పుడు ఆ లెక్కను సున్నా చేసుకోవాలి, అందుకు మెనూలోనే వీలుంటుంది. అంటే ఏడెనిమిది వేల గంటలు నడిచిన మెషిన్ కూడా కొత్త లాంపు వేస్తే పసిపాపలాగే కనిపిస్తుంది. అసలు మార్చకుండానే సున్నా కొట్టినా మనకు తెలియదు. లాంపు పాతదైతే వెలుతురు సగానికి పడిపోతుంది, అది మార్చుకోవచ్చు. ప్యానెలు పోతే మాత్రం మెషినే పోయినట్టు.

అందుకని కొనబోయేవాళ్లు తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ, బూడిదరంగు బొమ్మ, మూడూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకొని పోండి. షాపులో లైట్లు ఆర్పించండి. మచ్చ అన్నిటికంటే బాగా పట్టిచ్చేది బూడిదరంగే. నలుపులో గుండ్రటి మసక చుక్కలుంటే లోపలికి దుమ్ము పోయిందని అర్థం. చిన్న అక్షరాల అంచుల్లో ఎరుపో నీలమో తొంగిచూస్తే మూడు ప్యానెళ్లు సరిగ్గా కుదరలేదన్నమాట. గంటసేపు ఆపకుండా నడిపించమనండి, వేడెక్కాక బయటపడే రోగాలుంటాయి. "అంతసేపు ఎందుకు" అన్నాడా, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ప్రొజెక్టర్లలో డీఎల్‌పీ అని ఇంకో రకం ఉంది, అందులో ఈ రేకుల గొడవ లేదు. దాంట్లో లక్షల బుల్లి అద్దాలున్న చిప్ ఉంటుంది, అద్దాలు ఇరుక్కుపోతే తెర మీద తెల్లచుక్కలు వస్తాయి. మొదట ఒకటీ రెండూ, తర్వాత అమావాస్య ఆకాశమే. 1987లో అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ ఆ చిప్ కనిపెట్టాడు. సినిమా హాళ్లలోకి డిజిటల్ వచ్చింది దానితోనే, మా ఆపరేటర్ల పొట్ట కొట్టిందీ అదే. 2015లో ఆయనకు ఆస్కార్ కూడా ఇచ్చారు. పనితనం గొప్పదే, కాదనను.

మీ పత్రికలో కొత్త ఫోన్ల గురించి వారం వారం రాస్తున్నారు. మా జిల్లాలో చాలామంది కొనేది పాత సామానే. పాత ప్రొజెక్టర్, పాత ఇన్వర్టర్, పాత ఏసీ ఎట్లా చూసి కొనాలో కూడా రాయించండి. పాత వస్తువుకైనా బిల్లు ఇవ్వాలని, దాని మీద ప్యానెల్ స్థితి, వారం రోజుల వాపసు మాట రాసివ్వాలని దుకాణాల వాళ్లకూ చెప్పండి. నా చేతిలో ఆ కాగితం ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ధైర్యంగా ఫోన్ చేసి ఉండేవాణ్ణి.

మెషిన్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. అమ్ముతావా అని ఇప్పటికి ముగ్గురు వచ్చారు. కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, ముందు తెల్లతెర వేశాను. చాయ్ తాగి పోయారు.

ఇట్లు,
రిటైర్డ్ సినిమా ఆపరేటర్,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా